సీరియస్ అంటే

మా వైపు టెలిగ్రాముల్లో చావు అనే మాట ఉండేది కాదు. మనిషి పోయినా సరే, సీరియస్, వెంటనే బయలుదేరు అనే ఇచ్చేవాళ్లు. డెబ్బైల్లో నేను ఆత్మకూరులో ఇంటర్ చదివేటప్పుడు, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని తెలిసినవాళ్లు పోస్టాఫీసుకు లాక్కెళ్లి నాచేత ఆ ఫారాలు నింపించేవాళ్లు. మొదటిసారి తెలివి చూపించబోయి 'ఎక్స్‌పైర్డ్' అని రాశాను. దుత్తలూరు నుంచి వచ్చిన పెద్దాయన పక్కవాళ్లను అడిగి దాని అర్థం తెలుసుకుని నామీద విరుచుకుపడ్డాడు.

"నీకేమన్నా బుద్ధి ఉండాదా? పోయినాడని రాస్తే ఆ పిల్లోడు బస్సులోనే పడిపోడా? సీరియస్ అని రాయి. వచ్చినాక వాడే చూసుకుంటాడు."

కొట్టేసి సీరియస్ అని రాశాను. ఆ తర్వాత ఎంతమందికి రాసిచ్చానో! బతికున్న మనిషి కోసం ఆ మాట రాసిన జ్ఞాపకం మాత్రం ఒక్కటీ లేదు.

మాది ఉదయగిరి. అమ్మీ, అబ్బా నా చిన్నతనంలోనే పోతే ఆపా నన్ను పెంచింది. ఆపా అంటే మా అక్క, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మా వీధిలో చెక్క చెంచాలు చేసేవాళ్లు. మగవాళ్లు చెక్కితే ఆడవాళ్లు గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్లు. ఆపా కూడా పొద్దస్తమానం అదే పని. బావ బస్సు కండక్టరు, ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య తిరిగేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. తమ్ముణ్ణి పెట్టుకుని ఆ లోటు తీర్చుకుంటోందని జనం అనేవాళ్లు. వాళ్ల మొహం! ఆపాకు లోటన్నదే లేదు, నేనే ఆమె బిడ్డని.

ఎనభైల్లో వ్యవసాయ కళాశాలలో పీజీ చేస్తుండగా నన్ను ఆస్ట్రేలియాలో ఒక యూనివర్సిటీకి ఒక్క సెమిస్టరు పంపించారు. చదవాల్సింది మెట్ట సేద్యం. ఆ మాట విని ఆపా పడీపడీ నవ్వింది.

"ఈడ వానలు పడకపోయేదాన్ని ఆడికి పోయి చదవాల్నా రా?"

అప్పటికే ఆమెకు కడుపునొప్పి. అడిగితే, "ఏం లేదులే, గ్యాసు" అంది. నమ్మాను. నమ్మితే నా ప్రయాణం ఆగదు కదా.

పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయనగా హాస్టల్ వార్డెన్ నన్ను పిలిచి ఒక టెలిగ్రాం చేతిలో పెట్టింది. సిస్టర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. పంపింది బావ. అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుని ఇంకోసారి చదివాను.

వార్డెన్ నడివయసు మనిషి, మంచిది. "టికెట్ సంగతి యూనివర్సిటీవాళ్లతో నేను మాట్లాడతాను, రేపే బయలుదేరవచ్చు" అంది.

"వెళ్లి లాభం లేదు. మా అక్క చనిపోయింది" అన్నాను.

ఆమె టెలిగ్రాం తీసుకుని మళ్లీ చదివింది. "జబ్బుగా ఉందనే కదా ఇందులో ఉంది?"

"మా ఊళ్లో దాని అర్థం అది కాదు."

ఫోన్ చేసి కనుక్కోమంది. మా ఇంట్లో ఫోన్ లేదన్నాను. అది నిజమే. ఉదయగిరి పోస్టాఫీసుకు చేసి బావను పిలిపించవచ్చు, అదీ నిజమే, కానీ చెప్పలేదు. పైగా పాపం ఈమెకేం తెలుసు అని జాలిపడ్డాను. ఛీ, నా తెలివి తగలబడ! మావాళ్లలో మట్టి ఇవ్వడం ఆలస్యం చేయరు. పొద్దున పోతే సాయంత్రానికి ఖబరస్తానుకు తీసుకుపోతారు. నేను వెళ్లేసరికి చూడటానికి ఏముంటుందని అనుకున్నాను. పరీక్షలు రాయకపోతే సెమిస్టరంతా వృథా అని కూడా అనుకున్నాను, దాన్ని మాత్రం పైకి అనలేదు.

ఆ సాయంత్రమే బావకు, మడిచి అంచులు అతికించి విమానంలో పంపే ఏరోగ్రాం కాగితం నిండా తెలుగులో ఉత్తరం రాశాను. ఆపా లేని ఇంటికి ఏ మొహం పెట్టుకుని రావాలి బావా, రాత్రింబవళ్లు కన్నీళ్లు ఆగడం లేదు, ఆపాకు అల్లా జన్నత్ ఇవ్వాలి అని రాశాను. మూడోనాడు గదిలో ఒక్కణ్ణే, పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహా చదువుకున్నాను. పరీక్షలన్నీ రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

తిరిగొచ్చి ఆత్మకూరులో దిగేసరికి బస్టాండులో బావ ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. టీ తాగుతూ, ఆపా ఏ రోజు పోయిందని అడిగాను. ఆయన చెప్పిన రోజు విని పొరపాటు పడుతున్నాడనుకున్నాను. అది నా పరీక్షలు మొదలైన వారం.

"టెలిగ్రాం అంతకంటే ముందే వచ్చింది కదా బావా?"

"అప్పుడు బతికే ఉండిందిరా" అన్నాడు. "కడుపులో గడ్డ ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మని నెల్లూరులో చెప్పేసినారు. తమ్ముణ్ణి చూడాలనింది. ఒంట్లో బాగలేదు, రమ్మని రాయమని పోస్టుమాస్టరుకు చెప్పినాను. ఆయన ఎప్పుడూ రాసేదే రాసినాడు. సీరియస్సే గదా అని నేనూ ఊరుకున్నా."

టెలిగ్రాం ఇచ్చాక ఆపా ఇరవై మూడు రోజులు బతికింది. మొదటి రెండు వారాలూ నెల్లూరు బస్సు వచ్చినప్పుడల్లా, నేను దిగానేమో చూసి రమ్మని పక్కింటివాళ్లను పంపేదట. ఆ తర్వాత నా ఉత్తరం చేరింది. బావ డ్యూటీలో ఉన్నాడు. పోస్టుమ్యాన్ మంచం దగ్గరే ఇచ్చి వెళ్లాడు. నా చేతిరాత చూసి ఆపానే విప్పి చదువుకుంది.

బావ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి మెల్లగా చెప్పాడు.

"నేను వచ్చేతలికి ఉత్తరం దిండు కింద పెట్టుకోని పడుకోని ఉండాది. మళ్లా టెలిగ్రాం ఇస్తా, బతికే ఉండావని రాయిస్తా అన్నా. వద్దంటే వద్దనింది. 'పాపం, రాత్రింబవళ్లు ఏడ్చినాడంట. ఒకసారి ఏడ్చినోణ్ణి మళ్లా ఎందుకు ఏడిపించేది? పరీక్షలు రాసుకోనీ' అనింది."

ఆ ఉత్తరం రాసేటప్పుడు నేను ఏడవలేదు. కన్నీళ్ల వాక్యం బాగా కుదిరిందని ఇంకోసారి చదువుకుని, అంచులు అతికించి, మళ్లీ నోట్సు తెరిచాను.