మునేటి ఇసకకి వెడల్పు టైరు

నేను నందిగామలో నర్సుగా చేరిన రోజుల్లో మావారు అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాకో మోటారు సైకిలు ఉండేది. యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్ళు వదిలించుకున్న వాటిల్లో ఒకటి. ఎన్ని చేతులు మారి మా ఇంటికొచ్చిందో తెలీదు గానీ ఆకుపచ్చ రంగు మాత్రం ఇంకా పోలేదు. పల్లెల నించి కాన్పుకి కబురొస్తే, బడి లేని వేళల్లో మావారే నన్ను దానిమీద దించొచ్చేవారు. తెల్లచీర కట్టుకుని, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను వెనక కూర్చుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి మరీ చూసేవాళ్ళు.

మట్టిరోడ్డు మీద బాగానే పోయేది. చిక్కంతా మునేటి దగ్గరే. ఎండాకాలం నీళ్ళు ఓ పక్కన పాయగా పారతాయి, మిగతాదంతా ఇసక. ఓ ఆదివారం ప్రార్థన అయి చర్చిలోంచి వస్తుంటే పెనుగంచిప్రోలు అవతలి ఊరి నించి మనిషి వచ్చాడు, నొప్పులు మొదలయ్యాయని. ఏట్లోకి దిగి కాస్త దూరం పోయామో లేదో, వెనక చక్రం గిర్రున తిరిగి ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంది. ఆయన ఇంజను రేజ్ చేసినకొద్దీ ఇంకా కిందికి దిగింది. ఇక లాభం లేదని నేను దిగి, పెట్టె చంకన పెట్టుకుని నడిచా.

నేను వెళ్ళేసరికి పిల్ల పుట్టేసింది. తల్లీ బిడ్డా కులాసా. పిల్ల నాయనమ్మ నా కాళ్ళకంటిన ఇసక చూసి, "మీ బండికంటే మా పిల్లే ముందొచ్చిందమ్మా!" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వా. కానీ అడ్డం తిరిగిన బిడ్డయితే ఏమై ఉండేదన్న ఆలోచన నన్ను వదల్లేదు.

ఆ వారమే ఏదో పనిమీద జగ్గయ్యపేట వెళ్ళాం. బజారులో ఆగున్న లారీ వెనక చక్రాలు చూసి అడిగా.

"ఏవండీ, లారీకి వెనకాల జంట చక్రాలెందుకు?"

"బరువు మొయ్యడానికి."

"మొయ్యడానికేనా, దిగబడకుండా కూడానా?"

ఆయన వంగి ఆ చక్రాలు చూశారు. "రెండూనూ. వెడల్పు ఎక్కువైతే బరువు పరుచుకుంటుంది కదా."

"మరి మనం కూడా వెడల్పు టైరు వేసుకుంటే?"

లెక్కల మాస్టారికి ఈ ప్రశ్న తెగ నచ్చింది. అటునించి అటే మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళారు. మెకానిక్ మా బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "నేనెప్పుడూ చెయ్యలేదండీ. పడుద్దో పడదో చూద్దాం రండి" అన్నాడు. అతని షెడ్డు వెనక, ఇంకో మనిషి కూర్చునే పక్కబండి తగిలించిన పెద్ద మోటారు సైకిలొకటి పాడై పడి ఉంది. దాని టైరు చుట్టుకొలతలో మాదానికి సరిపోయింది. వెడల్పే ఎక్కువ.

పాత టైరు తేలిగ్గానే ఊడొచ్చింది. కొత్తదాన్ని ఎక్కించడానికి మాత్రం సబ్బునీళ్ళు పూసి, ఇనప పట్టీలతో ఇద్దరూ చెమటలు కక్కారు. తీరా చక్రం బిగించి తిప్పితే ఓ పక్క చైను కవరుకి, పైన మడ్‌గార్డుకి రాసుకుంటోంది. చైను కవరు లోపలి అంచు ఉలితో కోసేశాడు. మడ్‌గార్డు కింద వాషర్లు పెట్టి పైకి లేపాడు. ఇప్పుడు చైనుకీ టైరుకీ మధ్య సందుందా లేదా అని ముగ్గురం వంగి చూశాం. నేను జడలోంచి దువ్వెన తీసి దూర్చా. దూరింది. మెల్లిగా చక్రం తిప్పమన్నా. ఎక్కడా దువ్వెన పట్టలేదు.

"చాలండమ్మా, చైను తెగదు" అన్నాడు మెకానిక్, ఊపిరి పీల్చుకుని.

ఇక గెలిచినట్టేననుకుంటూ మునేటికి వెళ్ళాం. ఏమవుద్దో చూడాలని మెకానిక్ కూడా షెడ్డు మూసి సైకిలు మీద వెనకే వచ్చాడు. బండి ఇసకలోకి దిగింది. మునుపటికంటే కొంచెం దూరం పోయింది, మళ్ళీ కూరుకుపోయింది.

మావారు మొహం వేలాడేసుకున్నారు. నేను కూర్చుని ఇసకలో పడిన అచ్చు చూశా. టైరు అంత వెడల్పుందా, అచ్చు మాత్రం సన్నగానే ఉంది. మా రిమ్ము ఇరుకు కాబట్టి టైరు మధ్యలో ఉబ్బి, ఆ మధ్యభాగమే నేలకి ఆనుతోంది. మా ఆస్పత్రిలో కాపడం పెట్టడానికి వాడే రబ్బరు సంచి గుర్తొచ్చింది. నిండా నీళ్ళు పోస్తే గుండ్రంగా బిర్రబిగుసుకుంటుంది, సగం పోస్తేనే ఒంటికి పరుచుకుంటుంది.

"కాస్త గాలి తీసి చూడండి" అన్నా.

"మరీ తీస్తే టైరు జారి ట్యూబు మూతి తెగుద్దమ్మగారూ" అన్నాడు మెకానిక్.

"కొంచెమే."

గాలి తీశాడు. బండిని అటూ ఇటూ తోసి చూస్తే అచ్చు నా అరచేతిని మించి పడింది. మావారు ఎక్కబోయి ఆగి, "నువ్వు తేలిక. సైకిలు తొక్కినదానివే కదా, నడుపుతావా?" అన్నారు. ఆయన పక్కనుండగా ఖాళీ రోడ్డు మీద నేను ఒకటి రెండుసార్లు నడిపి ఉన్నా. కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కేశా. బండి ఇసకలో పాములా మెలికలు తిరుగుతూ, ఆగకుండా అవతలికి చేరింది. నాకు నవ్వు ఆగటంలేదు. వెనక్కి చూస్తే మెకానిక్ చప్పట్లు కొడుతున్నాడు. మావారు అచ్చులోంచే నడుస్తూ, వంగి వంగి దాన్నే చూసుకుంటూ వస్తున్నారు.

ఆ ఎండాకాలమంతా ఏరు మాకు అడ్డం కాలేదు. ఏరు దాటగానే సైకిలు పంపుతో గాలి కొట్టుకునేవాళ్ళం.

తొలకరికి వీరులపాడు దారిలో ఇంకో సంగతి తెలిసొచ్చింది. నల్లరేగడి బురద టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. పుల్లలతో బురద గోక్కుంటూ, తోసుకుంటూ ఇంటికి చేరాం. పాత సన్న టైరు ఉన్నప్పుడు అక్కడ బురద దానంతటదే రాలిపోయేది. అది సన్నం కాబట్టి చుట్టూ సందు ఎక్కువుండేది మరి.

అప్పటినించీ వానలకి సన్న టైరు, ఎండలకి వెడల్పు టైరు. మార్చడం నేనే నేర్చుకున్నా. వరండాలో చక్రం పడుకోబెట్టి, పట్టీలు దూర్చి, మోకాలితో నొక్కిపెట్టి టైరు ఎక్కిస్తుంటే మావారు పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, "ఏమంటోంది టైరు?" అని అడిగేవారు.

"ఇంకో పక్క మిగిలిందండీ, ఆ సబ్బు ఇటివ్వండి" అనేదాన్ని.