అమావాస్య నాటి నెంబర్

2022లో నేను వనపర్తిలో ఒక పిల్లల దవాఖానలో నర్సును. గద్వాల నుంచి రాధమ్మ అనే నేతపని ఆవిడ ఆరేళ్ల కూతురు శ్రావ్యను నెలనెలా తీసుకొచ్చేది. పిల్లకు పీకేయూ, పుట్టుకతో వచ్చిన జబ్బు. తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థం ఈ పిల్లల ఒంట్లో కరగదు. రక్తంలో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. అందుకే పప్పు, పాలు, పల్లీలు బంద్. తూచిన అన్నం, కూరగాయలు, నీళ్లలో కలిపి తాగే ప్రత్యేకమైన డబ్బా పొడి, అంతే. వేలు గుచ్చి రక్తపు చుక్కను అట్ట మీద ఆరబెట్టి హైదరాబాద్ పంపుతాం. రక్తంలో ఆ పదార్థం ఎంతుందో చెప్పే నెంబర్ మూడు వందల అరవై దాటకూడదు.

మగ్గం వాళ్లు అమావాస్య నాడు నేయరు. పని చెడకూడదని "ఆ రోజే రా" అని నేనే చెప్పాను. రెండేళ్ల పాటు నెంబర్ బాగానే వచ్చింది. నేను మురిసిపోయాను.

ఒకసారి అమావాస్యకు ఇంకా పది రోజులుండగానే రాధమ్మ పిల్లను తీసుకుని పరుగున వచ్చింది.

"సిస్టరమ్మా, పిల్ల కండెల వరస మరుస్తున్నది."

కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు చుట్టిన పుల్ల. శ్రావ్య తల్లి పక్కన కూర్చుని ఎరుపు, పచ్చ, పసుపు వరసగా అందించేదట.

"మొన్నటిదాంక తప్పలే. ఇప్పుడు పచ్చది అడిగితే నా మొఖం చూస్తది. బడిల టీచరు గూడ గట్లనే అంటున్నది. నా బిడ్డకు ఏమైతున్నదమ్మా?"

'నెంబర్ బాగుంది కదా' అన్న మాట నా నోటి దాకా వచ్చింది. పిల్ల చూపు చూసి ఆగాను. అప్పుడే వేలు గుచ్చాను. వారానికి రిపోర్ట్ వచ్చింది. తొమ్మిది వందలు.

ఆ మరునాడే గద్వాల వెళ్లాను. శ్రావ్య నానమ్మ దాచకుండా చెప్పింది.

"అమాస నాలుగు దినాలుందనంగ పప్పు ముట్టియ్యనమ్మా. పరీక్షకు నెత్తురు మంచిగుండాలె గద. మిగతా దినాలు ఆకలని ఏడుస్తది. కోడలు మగ్గం గుంటల ఉంటది. జర పప్పుబువ్వ పెడ్త."

మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో కూర్చున్న రాధమ్మ చేయి ఆగింది. నాడె పక్కన పెట్టింది. నన్నే అడిగింది.

"పోయింది మల్ల వస్తదా, సిస్టరమ్మా?"

కొంత రావచ్చు, రాకపోవచ్చు. ఆ ముసలమ్మను తిట్టే హక్కూ నాకు లేదు. ముందే తెలిసిన తేదీ పెట్టింది నేనే.

అప్పటి నుంచి ముందుగా చెప్పకుండా ఏదో ఒక రోజు ఫోన్ చేసి, ఆ రోజే రక్తం తీయిస్తున్నాను. మధ్యాహ్నం బువ్వ రాధమ్మే గుంటలోంచి లేచి పెడుతోంది. నెంబర్ దిగింది. మెదడు రోజూ పెరుగుతుంది, పరీక్ష రోజున మాత్రమే కాదు. ఇంత చిన్న సంగతి నాకు ఆ పిల్ల వల్ల తెలిసింది.

ఆరు నెలలకు మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. శ్రావ్య ఎరుపు అందించింది, పచ్చ అందించింది. పసుపు దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాధమ్మ పిల్ల వైపు తిరగలేదు, రంగు పేరు చెప్పలేదు. కండె కోసం చాచిన చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది.