నివురు కింద పీట్

ఉదయం ఏడూ పదికి మిల్టన్‌లో టొరంటో రైలు కదిలింది. పక్కసీటులోని తెలుగమ్మాయి నా కోటు వాసన పట్టి, "పీట్ కాలుస్తారా అంకుల్?" అంది.

బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన ఆ మట్టి ఇటుకల్లో నిప్పు తెల్లవార్లూ నిలుస్తుంది.

"మా ఆవిడ పోయినప్పుడు పెట్టిన దీపం కొండెక్కనివ్వబుద్ధి కాలేదమ్మా. దాంతోనే పీట్ అంటించా. రాత్రిళ్ళు నివురు కప్పి, వేడి పోకుండా పొగ పోయే చిమ్నీ మూసేస్తా."

"పొద్దున్నే తలనొప్పా?"

"అవును."

ఆమె గొంతు తగ్గించింది. "రాత్రిళ్ళు ఆంటీ పిలుస్తున్నారా?"

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"మా నాన్ననీ చనిపోయిన అమ్మ అలాగే పిలిచింది. చిమ్నీ మూస్తే గదిలో నిండే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి వాసనుండదు అంకుల్. నాన్న మళ్ళీ లేవలేదు. చిమ్నీ తెరిచి పడుకోండి, ప్లీజ్."

ఆ రాత్రి తెరిచే పడుకున్నాను. తలనొప్పి పోయింది. మా ఆవిడ ఇప్పుడు పిలవడం లేదు.