చప్పుడు చెయ్యని చిన్న లైటు

ఇత్తడి రాడ్డు లేత్ మిషను చక్‌లో బిగిసి గిర్రున తిరుగుతోంది. మేస్త్రమ్మ కుడిచెయ్యి పిడిచక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే ఉలి మొన దగ్గర బంగారు రంగు పొడి సన్నగా రాలుతోంది. ఎడమ చూపుడువేలు మాత్రం ఉలిని పట్టి ఉంచిన దిమ్మ మీద ఆనించి ఉంది. కోత సాఫీగా పోతోందో లేదో ఆమెకు కంటికన్నా ముందు ఆ వేలు చెబుతుంది.

అంతా బాగానే ఉందని వేలు చెబుతుండగా గుమ్మంలోంచి మరిది గొంతు వినబడింది.

"వదినా! కొత్త పిచ్చోడు దొరికాడు!"

ఆమె మోటారు ఆపలేదు. "పాతవాళ్లే అయిదుగురున్నారు. వరసలో నిలబడమను."

"ఈయనకి తొందరట. నాటకాల మాస్టారు. ఫోన్లో ఏదో రహస్యం చెబుతున్నట్టు గుసగుసగా మాట్లాడాడు. 'ఏంటండీ' అంటే రెండోసారి ఇంకా మెల్లిగా చెప్పాడు. మూడోసారి అడిగే ధైర్యం లేక రాసుకొచ్చేశాను." మరిది జేబులోంచి చీటీ తీసి చదివాడు. "చిన్న లైటు. చప్పుడు ఉండకూడదు. వచ్చే శనివారం నాటకానికి కావాలి. అంతే!"

"అంతేనా? నువ్వు మాట్లాడింది గంటసేపైనా ఉంటుంది."

"అందులో యాభై తొమ్మిది నిమిషాలు నేను మాట్లాడాను వదినా."

ఆ మాట మాత్రం నిజం. మరిది మాటలు కోటలు దాటుతాయి. అయితే ఆ మాటల వల్లనే ఈ కొట్టులోకి టార్చిలైట్ల పని వచ్చిందని ఆమె ఎప్పుడూ ఒప్పుకుంటుంది, కాకపోతే అతని ముందు కాదు.

ఆమె ఈ పనిలోకి కోరి రాలేదు. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ముందుగదిలో లేత్ ఉంది, దాని ముందు మామగారున్నారు. పంపుల ఇరుసులు, గేట్ల బందులు, ఎవరికేది విరిగితే అది చేసి పెట్టేవారు. కొన్నాళ్లకు ఆయన కళ్లకు పొర కమ్మి కొలబద్ద మీద గీతలు ఆనడం మానేశాయి. "అమ్మాయ్, ఇది ఎంతుందో చూసి చెప్పు" అని వంటింట్లో ఉన్న ఆమెను పిలిచేవారు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి చెప్పేది. చెబుతూ చెబుతూ ఎంతుందో కాక ఎంతుండాలో చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు చూసుకుంటే మామగారు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు, పిడిచక్రం ఆమె చేతిలో ఉంది. ఎవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకుంది. బకెట్టు నిండా ముక్కలు పాడుచేసింది. ఏది ఎందుకు పాడైందో ఇప్పటికీ చెప్పగలదు.

టార్చి కథకు మూలం అత్తగారు. ఆవిడ ప్లాస్టిక్ టార్చిని వారానికోసారి గూట్లోంచి పడేసేది. విసుగెత్తి కోడలు ఒక ఇత్తడిది చేసిచ్చింది. అత్తగారు దాన్ని చేతిలో తూచి చూసి, "ఇది కిందపడితే ఇక బద్దలయ్యేది నేలే" అంది. మరిది దాని ఫొటో తీసి ఫోన్లో ఏదో గుంపులో పెట్టాడు. నాలుగోరోజుకల్లా గుమ్మం ముందు ముగ్గురు మగాళ్లు నిలబడి, ఆ టార్చిని ఒక్కసారి ముట్టుకోనిమ్మని అత్తగారిని బతిమాలుతున్నారు.

అప్పుడు తెలిసింది ఆమెకు, లోకంలో టార్చిపిచ్చి అనేది ఒకటుందని. వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో చీకటనేదే లేదు. అయినా జేబులో ఒకటి, సంచిలో ఒకటి, దిండు కింద ఒకటి. ఒకాయన రాగిది కావాలని, పొరపాటున కూడా మెరుగు పెట్టొద్దని అన్నాడు. తన చేతి చెమటకే అది నల్లబడాలట. పళ్ల డాక్టరొకాయన పట్టుకునేచోట గరుకు గీతలు వేలికి తగలాలన్నాడు, జేబు గుడ్డకు మాత్రం తగలకూడదన్నాడు. ఇంకొకడు మూత విప్పి బిగిస్తూ పావుగంట కూర్చున్నాడు. మర వెన్నలా తిరగాలి, ఎక్కడా ఇసుక పట్టినట్టుండకూడదు, అదే అతని సుఖం. తెల్లటి వెలుగు ఆసుపత్రిలా ఉందని పసుపు కావాలనేవాళ్లున్నారు. పసుపులో గులాబీ ఛాయ లేదని అలిగినవాడూ ఉన్నాడు.

రెండు విషయాల్లో మాత్రం అందరిదీ ఒకే మాట. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల బ్యాటరీ గలగలమనకూడదు. మీట నొక్కితే మాత్రం 'టిక్' మని ఖచ్చితంగా పలకాలి. ఆ టిక్కు కోసమే కొందరు బస్సెక్కి వచ్చేవారు. స్ప్రింగులు మార్చి మార్చి ఆమె దాన్ని అలా కుదిర్చింది. ఎండిన కొమ్మ విరిగినట్టు, పొడిగా, ఒక్కటే మాట.

కాబట్టి మరిది తెచ్చిన చీటీలో ఆమెకు అర్థం కానిదేమీ కనబడలేదు. చిన్న లైటంటే జేబులో బరువు తెలియనిది. చప్పుడు ఉండకూడదంటే బ్యాటరీ కదలకూడదు. వారం తిరిగేసరికి బొటనవేలంత టార్చి తయారైంది. ఊపితే రాయిలా మౌనం, వెలిగిస్తే ఎదురింటి మేడమీద ఆరేసిన బట్టలకు గుండీలు లెక్కపెట్టొచ్చు. ఈ మధ్య చేసినవాటిలో ఇంత ముద్దొచ్చింది లేదు.

బుధవారం పొద్దున మాస్టారు వచ్చాడు. మనిషి ఆరడుగులు, అరచేతులు చేటలంత ఉన్నాయి. రిటైరైన లెక్కల మాస్టారు. ఇరవై రెండేళ్లుగా నాటకమండలిలో తెరచాటున కూర్చుని, నటులు మరిచిపోయిన మాటను అందిస్తుంటాడు. మండలిలో ఆయన పేరు గుసగుస మాస్టారు. బయట కూడా ఆ గొంతే అలవాటైపోయింది.

ఆమె టార్చిని ఆయన చేతిలో పెట్టింది. ఆ అరచేతిలో అది ఎక్కడో వేళ్ల సందున మాయమైంది. వెతుక్కుని మీట నొక్కాడు.

'టిక్!'

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. మరో చేతిలోని నాటకం పుస్తకం మీద మిట్టమధ్యాహ్నం పడింది.

"ఎలా ఉంది మాస్టారూ? ఆ టిక్కు విన్నారా? ఆ టిక్కుకి జనం చస్తారు!" అన్నాడు మరిది.

"చచ్చేది నేను బాబూ," అన్నాడు మాస్టారు మెల్లిగా. "చప్పుడు వద్దన్నాను కదా. చిన్న లైటు కావాలన్నాను."

"చిన్నదే కదండీ! ఇంతకన్నా చిన్నదంటే ఉంగరంలో పెట్టాలి."

"టార్చి చిన్నది కాదు. వెలుగు చిన్నది."

మరిది చీటీ తీసి మళ్లీ చదివాడు. అందులో అక్షరాలేమీ మారలేదు.

అప్పుడు మాస్టారు అసలు సంగతి చెప్పాడు. ఆయన పాత టార్చికి వెలుగు ఎక్కువని దాని మూతికి జేబురుమాలు చుట్టి నెట్టుకొచ్చేవాడు. పోయిన నాటకంలో రాజు చనిపోయే ఘట్టంలో అది ఒళ్లోంచి జారి, దొర్లుకుంటూ వేదిక మీదికి పోయి, చచ్చిపడి ఉన్న రాజు ముక్కు దగ్గర ఆగింది. వెలుగు కళ్లల్లో పడి రాజు తుమ్మాడు. హాలంతా విరగబడి నవ్వింది. దర్శకురాలు మాత్రం నవ్వలేదు. ఈ శనివారం తెరపక్కనుంచి వెలుగొచ్చినా చప్పుడొచ్చినా ఇదే ఆఖరు, వచ్చే నాటకం నుంచి నటుల ఎదురుగా అక్షరాలు నడిచే తెర పెట్టించేస్తానంది.

"ఆ స్టూలు తప్ప నాకు వేరే వ్యాపకం లేదమ్మా," అన్నాడాయన, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఎవరి మాట ఎక్కడ తడబడుతుందో వాళ్లకన్నా నాకే ముందు తెలుస్తుంది."

మేస్త్రమ్మ ఆ బొటనవేలంత టార్చిని తీసి అలమరలో పెట్టేసింది. "రేపు మీ రిహార్సలు ఎన్నింటికి?"

"పదింటికి. ఎందుకు?"

"మీ చెయ్యి చూడాలి."

ఆయన వెళ్లగానే మరిది అందుకున్నాడు. "దీనికంత దూరం ఎందుకు వదినా? ఎర్ర లైటు పెట్టెయ్. చీకట్లో ఎర్రదే కళ్లకి మంచిదని గుంపులో అందరూ అంటారు."

"చిన్న లైటు అన్నది కూడా అందరికీ తెలిసిన మాటే కదా! చూసొస్తాను ఉండు."

గురువారం ఆమె జేబులో కొలతలు తీసే వెర్నియరు వేసుకుని నాటకశాలకు వెళ్లింది. పక్కతెర వెనక, నిలువునా నిలబెట్టిన చెక్క మెట్లకూ గోడకూ మధ్య ఒక స్టూలు పట్టేంత జాగా ఉంది. మాస్టారు అందులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఎడమచేతిలో పుస్తకం. కుడిచేతి చూపుడువేలు వరస కింద నడుస్తోంది. టార్చి ఆ కుడి అరచేతిలోనే, మిగతా మూడు వేళ్ల పట్టులో ఉండాలి. ఖాళీగా ఉండేది బొటనవేలొక్కటే. వేదిక మీద ఒకమ్మాయి "నువ్వు వస్తావని..." అని ఆగింది. ఆగీ ఆగకముందే మాస్టారు పెదవులు కదిలాయి. "దీపం..." ఆ అమ్మాయి అందుకుని సాగిపోయింది. ఎదురుగా మొదటి వరసలో కూర్చున్న దర్శకురాలికి అది వినబడనే లేదు.

మేస్త్రమ్మకు వినబడింది. ఒక్క మాట, అదీ అవసరమైనంతే. పనివాడంటే ఇలా ఉండాలి అనుకుంది.

విరామంలో ఆయన పుస్తకం తీసుకుని చూసింది. పేజీల నిండా గుర్తులు. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, ఎవరు ఎక్కడ కావాలనే ఆగుతారు, అన్నీ ఎర్ర పెన్సిల్‌తో రాసుకున్నాడు.

"కావాలని ఆగినప్పుడు మాట అందిస్తే వాళ్లకి ఒళ్లు మండుతుందమ్మా. ఈ గుర్తులే నాకు ప్రాణం," అన్నాడు.

ఎర్ర వెలుగులో ఎర్ర గీతలు కనబడవు. మరిది మాట విని ఉంటే ఆయన పుస్తకంలో సగం చెరిపేసినట్టే అయ్యేది. ఆమె ఆయన అరచెయ్యి వెడల్పు, మడిచిన వేళ్ల మధ్య సందు, బొటనవేలు ఎంతవరకు తిరుగుతుందో, మూడూ కొలిచి రాసుకుంది.

"నాడి కూడా చూస్తారా?" అన్నాడు మాస్టారు.

"అది బాగానే ఉంది. కొట్టుకుంటున్నట్టు చప్పుడే రావట్లేదు!"

శుక్రవారం తెల్లవారి కాఫీ అవగానే లేత్ ముందు నిలబడింది. ఈసారి లావుపాటి ఇత్తడి రాడ్డు, చేటంత చేతికి నిండుగా ఉండేది. ఒళ్లోంచి జారినా దొర్లకుండా ఒక పక్క ఆకురాయితో చదునుగా అరగదీసింది. మీట అసలే లేదు. తల భాగాన్ని బొటనవేలితో పావు చుట్టు తిప్పితే లోపలి తీగ బ్యాటరీకి ఆనుతుంది, వెనక్కి తిప్పితే వదులుతుంది. ఆ మరను నాలుగుసార్లు కోసింది. మొదటిది బిగువు, బొటనవేలొక్కదానికి తిరగలేదు. రెండోది వదులు, తల ఊగి కిటకిటమంది. మూడోది తిరిగింది గాని చివర్లో ఇత్తడికి ఇత్తడి తగిలి సన్నగా 'టిణ్' మంది. ఆ 'టిణ్' మరిదికి వినబడలేదు.

"ఎక్కడొచ్చింది వదినా? నాకేం వినబడట్లేదు."

"నువ్వు మాట్లాడుతుంటే ఎలా వినబడుతుంది?"

నాలుగోదానికి అడుగున రబ్బరు వలయం పెట్టి, మరకు మైనం పూసింది. చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. తన ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

ఇక వెలుగు. ఇన్నాళ్లూ పెంచడమే తప్ప తగ్గించడం ఎవరూ అడగలేదు. పసుపు బల్బుకు టంకంతో కరెంటు తగ్గించే రెసిస్టరు ఒకటి అతికించి, దుప్పటి కప్పుకుని కూర్చుని, పుస్తకం తెరిచి చూసింది. ఎక్కువ. మార్చింది. ఇంకా ఎక్కువ. దుప్పటి కింద అలికిడి చూసి అత్తగారు, "జ్వరమా?" అని అడిగింది. అయిదో రెసిస్టరుకు కుదిరింది. ఒక్క వరస, దాని పక్కన ఎర్ర గీత, అంతవరకే. ఆ వెలుగు పక్కలకు కారకుండా బల్బును లోతుగా, బావి అడుగున ఉన్నట్టు దించి, ఆ గొట్టం లోపలి గోడకు మెరుపు లేని నల్ల రంగు వేసింది.

శనివారం ఉదయం మాస్టారు నాటకం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. పొద్దుటినుంచి ఏమీ తిననట్టు మొహం పాలిపోయి ఉంది. మేస్త్రమ్మ టార్చిని మెత్తటి గుడ్డతో తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది. మూడు వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. చూపుడువేలు దానంతట అదే ముందుకు చాచుకుంది, బొటనవేలు వెళ్లి తల మీద కూర్చుంది.

"ఇక్కడ వెలుతురులో తెలీదు. అందులోకి వెళ్లి చూడండి," అంటూ మెట్ల కింద రాడ్లు పెట్టుకునే గది చూపించింది. దానికి కిటికీ లేదు. మాస్టారు తల వంచుకుని దూరాడు. తలుపు మూసుకుంది.

మేస్త్రమ్మ, మరిది బయట నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది. మరిది ఉండబట్టలేక నేలమీద బోర్లా పడుకుని తలుపు కింద సందులోంచి చూశాడు.

"వదినా, లోపల కటిక చీకటి! వెలగట్లేదు! చెప్పానా, ఆ మైనం అడ్డం పడి ఉంటుంది!"

నాటకం సాయంత్రమే. ఆమె తలుపు మీద వేలితో తట్టింది. "మాస్టారూ, వేశారా?"

లోపల ఒక పేజీ తిరిగిన చప్పుడైంది.

"వేసి చాలాసేపయిందమ్మా," అంది ఆ గుసగుస గొంతు. "రెండో అంకంలో ఉన్నాను. మీ మరిదిని కాస్త మెల్లిగా మాట్లాడమనండి."