ఈ గోళీని ఆశీర్వదించకు, యేసయ్యా!

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను తెలివితో, నా కాళ్ళ మీద, మీ ముందు నిలబెట్టిన యేసయ్యకు వందనాలు! సాక్ష్యం చెప్పేటప్పుడు కోపం కనబడకూడదని మా అత్తమ్మ మరీ మరీ చెప్పి పంపింది, కానీ ఏం చెయ్యను, నాకు కోపం ఉంది, దాన్ని దాచుకుని మాట్లాడితే అది అబద్ధ సాక్ష్యమే అవుతుంది.

మా ఆయన మాజ్రి బొగ్గుగనిలో పని చేస్తారు, మా మామయ్య కాలంలోనే మంచిర్యాల వైపు నుంచి ఈ మహారాష్ట్రకు వచ్చిన కుటుంబం మాది. ఒక ఎండాకాలం క్వార్టర్స్‌కు వచ్చిన నీళ్ళ ట్యాంకర్ దగ్గర డ్రమ్ము ఎత్తబోతే నా నడుము పట్టేసింది, లేవలేను, కూర్చోలేను, అందరూ వెళ్ళే చంద్రపూర్ డాక్టరు దగ్గరికే మేమూ వెళ్ళాం. ఆయన నా నడుము మీద చెయ్యి కూడా పెట్టి చూడలేదు! తల ఎత్తకుండానే నొప్పికి ఒక గోళీ, నిద్రకు ఒక గోళీ రాశారు, ఎన్నాళ్ళు వేసుకోవాలో చెప్పలేదు, అలవాటుగా మారుతుందని అసలే చెప్పలేదు. ఆయన రాసే పెన్ను మీద, గోడ మీది గడియారం మీద కూడా ఆ నొప్పి గోళీ పేరే ఉంది, అది చూసి ఎంత గొప్ప మందో అనుకున్నాను.

మన ఇళ్ళల్లో మందు వేసుకునే ముందు ప్రార్థన చేసుకుంటాం కదా. మా ఇంట్లో ఆ ప్రార్థన మా చిన్న బిడ్డ కీర్తన చేసేది. గోళీ నా అరచేతిలో పెట్టి, దాని మీద తన చెయ్యి మూసి, "యేసయ్యా, ఈ గోళీని ఆశీర్వదించు, మా మమ్మీ నడుం నొప్పి పోవాలె" అనేది. ఆదివారం మందిరంలో ప్రార్థన నూనె సీసాల పక్కన గోళీల షీట్లు కూడా పెట్టేవాళ్ళం, అయ్యగారు వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవారు. దేవుని బల్ల మీద నుంచి తెచ్చుకున్న మందు నన్ను మింగుతుందని ఎవరనుకుంటారు?

కొన్నాళ్ళకు ఒక పూట గోళీ ఆలస్యమైతే చెమటలు, చేతుల వణుకు, ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉండేది, వేసుకుంటే మత్తు. వాక్యం చెబుతుంటే నిద్ర, పొయ్యి మీద పాలు మాడుతున్నా నిద్ర! కీర్తన బడిలో తల్లిదండ్రులను పిలిస్తే వెళ్ళి బెంచీ మీదే తూగిపోయాను, టీచరు మరాఠీలో నన్ను అడిగిన వాటికి నా బిడ్డ తల వంచుకుని జవాబు చెప్పింది. డాక్టరు దగ్గర మొర పెట్టుకుంటే, "తాయీ, గోళీ బంద్ కరూ నకా" అన్నారు, అంటే గోళీ ఆపొద్దట, పైగా ఒకటి ఉన్నచోట రెండు రాశారు! ఆ డాక్టరు క్లినిక్ మెట్ల కింది మెడికల్ షాపువాళ్ళు చీటీ కూడా అడగకుండా ఇచ్చేవారు. అంత చదువు చదివి, బిడ్డకు తల్లిని లేకుండా చేస్తే దాన్ని వైద్యం అనాలా సహోదరులారా?

ఒక సాయంత్రం కీర్తన గోళీ తెచ్చింది కానీ నా చేతిలో పెట్టలేదు. తన గుప్పిట్లోనే పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"యేసయ్యా, ఈ గోళీని ఆశీర్వదించకు. గిది ఏసుకున్నకొద్దీ మా మమ్మీ నాకు దొరుకుతలేదు. గోళీ నువ్వే ఉంచుకో, మా మమ్మీని నాకు వాపస్ ఇయ్యి."

ఆమేన్ అనడానికి నాకు నోరు రాలేదు, బిడ్డను పట్టుకుని ఏడ్చాను. మర్నాడే వెళ్ళి ఇవి ఎలా మానాలో చెప్పండని డాక్టరును అడిగితే, నీ మనసే బలహీనం అని కసిరి మళ్ళీ అవే రాశారు. ఇంటికొస్తే ప్రార్థనకు వచ్చిన ఒక సహోదరుడు, "విశ్వాసం ఉన్నోళ్ళకు గోళీలెందుకమ్మా, ఇయ్యాల్నే పారెయ్" అన్నాడు. నమ్మి అన్నీ మురుగు మోరీలో పారేశాను, రెండో రోజే ఫిట్స్ వచ్చి వంటగదిలో పడిపోయాను! ఆ సహోదరుడు నా విశ్వాసం బలహీనం అన్నాడట. ఒకాయనకు నా మనసు తప్పు, ఇంకొకాయనకు నా విశ్వాసం తప్పు, వాళ్ళ తప్పు మాత్రం ఎక్కడా లేదు!

మా ఆయన, అయ్యగారు నన్ను ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానకు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ మన భాష మనిషి కాదు, అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదటి నుంచి అంతా విన్నది. తప్పు నీది కాదు, ఈ గోళీల గుణమే అది, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, మెల్లగా తగ్గిద్దాం అని చెప్పింది. నా బిడ్డ చేసిన ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబు ఆమే! ఆమె చెప్పిన లెక్క ప్రకారం మా ఆయన గోళీని బ్లేడుతో సగం చేసేవారు, కీర్తన నా చెయ్యి పట్టుకుని, "యేసయ్యా, ఇయ్యాల సగమే చాలేటట్టు చెయ్యి" అని అడిగేది. సగం చాలింది, తర్వాత పావు చాలింది. ఒళ్ళు పీకిన రోజులు, నిద్ర రాక అందరి మీద అరిచిన రోజులు ఉన్నాయి, అయినా ప్రభువు నా చెయ్యి వదల్లేదు, దేవునికే మహిమ!

ఆ డాక్టరును క్షమించాను, కానీ నోరు మూసుకోను, ఎందుకంటే ఆయన మెట్ల మీద ఇప్పటికీ మన అక్కలు, వదినలే కూర్చుని ఉన్నారు. ప్రార్థించండి, దాంతోపాటు అడగండి. ఇది ఏం గోళీ, ఎందుకు, ఎప్పటిదాకా అని అడగండి, అడిగితే కసిరే డాక్టరును వదిలి వినే డాక్టరును వెతకండి. ఇప్పటికే అలవాటు పడ్డవాళ్ళు సిగ్గుపడి దాచుకోకండి, నాలాగా ఒక్కసారే పారేయకండి, నా దగ్గరికి రండి, ఆ దవాఖానకు నేనే తోడు వస్తాను. నన్ను పైకి లాగిన యేసయ్య చెయ్యి మీకూ అందుతుంది, నమ్మండి.

మా ఇంట్లో ఇప్పటికీ సాయంత్రం కాగానే కీర్తన వస్తుంది. నా అరచేతిలో ఇప్పుడు గోళీ ఏమీ ఉండదు, ఆమె చెయ్యి ఒక్కటే ఉంటుంది. "యేసయ్యా, వాపస్ ఇచ్చినందుకు థాంక్స్" అంటుంది. ఇప్పుడు ఆమేన్ గట్టిగా అంటున్నాను, మీరూ నాతో అనండి!