జేబులో ఫీజులు

లైన్‌మన్ షాకీర్ ఖాకీ ప్యాంటు కుడి జేబు ఎప్పుడూ సాగి వేలాడుతుంటుంది. స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించినంత మాత్రాన అతనికి తృప్తి ఉండదు. మూడు పింగాణీ ఫీజులూ పీకి ఆ జేబులో కుక్కుకుంటాడు. నీళ్ల కోసం కాచుకున్న రైతెవరైనా తొందరపడి స్విచ్ ఎత్తినా, తీగలోకి కరెంటు రాదు. ఆపైన ఈల వేసుకుంటూ తాపీగా ఎక్కుతాడు.

పోయిన నెల కంబదూరు పక్క పల్లెలో తెగిన తీగ కలిపి దిగాడు. అక్కడి రైతు హనుమక్క ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ ఫీజులతోనే బండెక్కి ఇంటికి పోయాడు. ఫోను మోగాక జేబు తడుముకుని, నాలుక కరుచుకుని, పది కిలోమీటర్లు వెనక్కి వచ్చాడు. హనుమక్క గట్టుమీదే నిలబడి ఉంది. "ఏమప్పా, మా బోర్ల కరెంటంతా జేబులో ఏసుకొని పోతివే! శెనిక్కాయ ఎండిపోతాండాది. నీకు మతి యాడుండాది?" షాకీర్ ఫీజులు ఒక్కొక్కటే బిగిస్తూ నవ్వాడు. "పెట్టేది మర్చిపోతే ఇట్ల తిరిగొచ్చినా. పీకేది మర్చిపోయింటే వచ్చేవాణ్నా అక్కా?" ఇప్పుడు అతను స్తంభం మీద చెయ్యి వేస్తే చాలు, చేన్లోంచి ముందు హనుమక్కే కేకేస్తుంది: "ఫీజులు జేబులో ఏసుకుంటివా అప్పా?"