ఒకే తల్లి నత్తలు

ఫేబే గురించి మా ఆఫీసులో చెప్పుకునేవి సగం అబద్ధాలు. నత్తల్ని కలగాపులగం చేసిందని, అందుకే పని పోయిందని అంటారు. నేను పక్క గదిలో టైపిస్టుని. అంతా కళ్లారా చూశాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె ఉండేది డైరీ ఫార్మ్ అనే పేటలో. మా పరిశోధన కేంద్రంలో పదమూడేళ్లు దినకూలీ అటెండరుగా చేసింది. మంచినీటి నత్తల తొట్లు కడగడం, మేత వేయడం, ఏ తల్లికి ఎప్పుడు పిల్లలు పుట్టాయో రిజిస్టరులో రాయడం ఆమె పని. వాటికి జాతి పేర్లు పెట్టేది శాస్త్రవేత్త రాజేంద్ర సారు. వాగు నత్త గుల్ల మందంగా, పొట్టిగా ఉంటుంది. ఊటగుంటలో దొరికేదాని గుల్ల పలచన, పొడుగు. రెండూ వేర్వేరు జాతులని, వాగుది లోకానికే కొత్తదని సారు వ్యాసం రాసి పెట్టుకున్నారు.

నిరుడు ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమదినాల్లో ఎవరో ఫేబేకి నాలుగు వాగు పీతలు ఇచ్చారు. ఈస్టరు దాకా ఆమె నీచు ముట్టదు. పీతల్ని వదులుకోవడానికీ మనసొప్పలేదు. అప్పటికి, విడిగా ఉంచిన ఒక గుంట నత్త కన్న పిల్లల్ని రెండు తొట్లలో పంచి ఉంది. పండగ దాకా బతికుంటాయని పీతల్ని వలసంచిలో కట్టి వాటిలో ఒక తొట్టిలో వేలాడదీసింది. ఆఫీసు తొట్టిలో కూర పీతలేమిటని నేను నవ్వాను కూడా.

ఈస్టరు నాటికి పీతలున్న తొట్టిలో పిల్లలు మందపు గుల్లలతో పొట్టిగా తయారయ్యాయి, అచ్చం వాగు నత్తల్లాగే. పక్క తొట్టిలోవి పలచగా, పొడుగ్గానే ఉన్నాయి. తమను తినేది దగ్గర్లో ఉందని నీళ్లలో పసిగట్టి గుల్ల గట్టి చేసుకున్నాయన్నమాట. రెండు జాతులు కావు, ఒకటే.

సారు మొహం మాడిపోయింది. నన్ను పిలిచి ఒక కాగితం టైపు చేయించారు: ‘వాగు నత్తల్ని పొరపాటున ఈ తొట్టిలో కలిపాను.’ నా ఉద్యోగం పోతుందన్న భయంతో చేశాను. సిగ్గుతోనే చెబుతున్నాను. దాన్ని ఫేబే ముందు పెట్టారు.

“సంతకం చెయ్యమ్మా. వచ్చే నెల నీ రెన్యువల్ నా చేతిలోనే ఉంది.”

“పీతల్ని పెట్టడం నా గల్తీ సార్. అది రాయండి, ఇప్పుడే చేస్తాను. నత్తల్ని కలపలేదు నేను. ఝూఠ్ మీద నా సంతకం పడదు.”

“నువ్వు చదివిందెంత? జాతుల గురించి నీకేం తెలుసు?”

“ఎనిమిదో క్లాసు సార్. పేర్లు పెట్టడం మీ పని, కాదన్ను. మగర్ వీటి తల్లి ఏదో నాకు తెలుసు. పుట్టినరోజు కూడా రాసి పెట్టాను.”

సారు రెండు తొట్లూ పారబోయించారు. నెల తిరక్కుండానే ఫేబే పని పోయింది. క్షమాపణ అడగమని అందరూ నచ్చజెప్పారు. నేనూ చెప్పాను, పిరికిదాన్ని కదా.

ఆఖరి రోజు సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“లవీనా, పైనున్న డైరెక్టరు సారుకి ఒక కాగితం కొట్టి పెట్టవా? పీతల్ని పెట్టింది నేనే. నత్తల్ని కలపలేదు. రెండు తొట్లవీ ఒకే తల్లి పిల్లలు. బస్, ఇంతే.”

కొట్టాను. ఆమె సంతకం చేసింది. నేను పెన్ను అందుకుని, ఆమె పేరు కింద ‘సాక్షి’ అని రాసి నా సంతకం పెట్టాను.

“నీ నౌకరీ పోతుంది, పిచ్చిదానా.”

“పోనీ దీదీ” అన్నాను.